మహిళా గ్రాండ్‌మాస్టరు అనగా ఎవరు? – చదరంగంలో స్త్రీల విజయాలు, వాటిపై వివాదాలు

చదరంగం భరతఖండంలో జన్మించి, పారశీకం మీదుగా అరబ్బు దేశాలకు, అక్కడినుండి ఐరోపాకు వ్యాపించిన క్రీడ అని విద్యార్థులు ఎరుగుదురు. ‘చతురంగ’మనే సంస్కృత పదమే ‘షత్రంజ్’గా రూపాంతరం చెంది ఉర్దూ మాటగా మన మధ్యకు తిరిగివచ్చినది. కళాశాల విరామ సమయంలో బల్లకు ఒకవైపు కూర్చున్నవారు ‘మంత్రి’ అని, రెండవవైపు కూర్చున్నవారు ‘వజీర్’ అని పిలుచుకొనే పావు ఒక్కటే. ఆ మంత్రిని ఐరోపావారు రాణిగా మార్చుకొన్నారు; పదిహేనవ శతాబ్ది చివరకు ఆమెకు బల్లపై ఏ దిక్కునకైనా, ఎంత దూరమైనా పోగల శక్తిని ప్రసాదించారు. బల్లపైనున్న రాణికి లభించిన ఆ స్వేచ్ఛ, బల్ల ముందు కూర్చున్న స్త్రీకి లభించడానికి మరి నాలుగు వందల సంవత్సరాలకు పైగా పట్టినది. లభించిన పిమ్మట కూడ ఆమె గెలిచినది గెలుపేనా, ఆమె పొందిన బిరుదు నిజమైన బిరుదేనా అను ప్రశ్నలు వెంటాడుతూనే వచ్చినవి. అట్టి కొన్ని వివాదాలను, వాటి వెనుకనున్న నియమాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మొదట మన ఇంటి చిక్కునే విప్పుకొందాము. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థి సామాన్య జ్ఞాన గ్రంథాలను తిరగవేసినప్పుడు, భారతదేశపు ప్రథమ మహిళా గ్రాండ్‌మాస్టరు ఎవరను ప్రశ్నకు ఒకచోట చెన్నైకి చెందిన ఎస్. విజయలక్ష్మి పేరు, మరొకచోట గుడివాడకు చెందిన కోనేరు హంపి పేరు కనిపిస్తుంది. ఒకటి ఒప్పయితే రెండవది తప్పు కావలెను గదా అని విద్యార్థి కలవరపడతాడు. వాస్తవానికి రెండూ ఒప్పే. తప్పు మన మాటలో ఉన్నది.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అనగా ఫిడే, రెండు వేర్వేరు బిరుదులను ఇస్తున్నది. మొదటిది గ్రాండ్‌మాస్టరు. ఇది స్త్రీ పురుష భేదం లేక అందరికీ ఒకే కొలబద్దతో ఇవ్వబడే అత్యున్నత బిరుదు. రెండవది 1976లో ప్రవేశపెట్టిన మహిళా గ్రాండ్‌మాస్టరు బిరుదు. ఇది స్త్రీలకే ప్రత్యేకించబడినది. మొదటి బిరుదుకు ఆటగాని రేటింగు, అనగా ఆట బలాన్ని సూచించే అంకె, ఏదో ఒక సమయమున 2500కు చేరి ఉండవలెను. రెండవ బిరుదుకు 2300 చాలును. దీనికి తోడు ‘నార్ములు’ కావలెను. నార్ము అనగా గట్టి ప్రత్యర్థులున్న పోటీలో ఆ బిరుదుకు తగిన స్థాయి ప్రదర్శన. గ్రాండ్‌మాస్టరు నార్ముకు ఆ పోటీలోని ప్రదర్శన 2600 స్థాయిలోను, మహిళా గ్రాండ్‌మాస్టరు నార్ముకు 2400 స్థాయిలోను ఉండవలెను. అందరికీ ఇచ్చే ఇంటర్నేషనల్ మాస్టరు బిరుదుకే 2400 రేటింగు అవసరమన్నప్పుడు, స్త్రీల ప్రత్యేక బిరుదు దానికన్న ఒక మెట్టు క్రిందిదని పాఠకులు గ్రహించగలరు.

విజయలక్ష్మి 2001లో మహిళా గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి భారతీయురాలు. హంపి 2002లో గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి భారతీయ మహిళ. తెలుగులో ‘మహిళా’ అనే విశేషణాన్ని ముందు చేర్చగానే ఈ రెండూ ఒకటై పోతున్నవి. ‘మహిళా న్యాయమూర్తి’ అన్నప్పుడు న్యాయమూర్తి అయిన స్త్రీ అని అర్థం చేసికొంటామే గాని, స్త్రీలకై ఏర్పడిన తక్కువ తరగతి న్యాయపదవి అని ఎవరూ అనుకొనరు. చదరంగంలో మాత్రం ఆ ఒక్క మాటలో రెండు అర్థాలు ఇమిడి ఉన్నవి. ‘గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన మహిళ’ అని విడమరచి వ్రాస్తే ఒకరి కీర్తి మరొకరికి పోదు. పత్రికలవారు రెండు మాటలు ఎక్కువ వ్రాయడానికి ఎందుకు సందేహిస్తారో తెలియదు.

హంపి విషయమే మరికొంత చెప్పవలసియున్నది. 1987 మార్చి 31న జన్మించిన ఆమెకు తొలి గురువు తండ్రి కోనేరు అశోక్. ఆమె 1997లో పదేండ్ల లోపు, 1998లో పన్నెండేండ్ల లోపు, 2000లో పద్నాలుగేండ్ల లోపు బాలికల ప్రపంచ పోటీలలో విజేతగా నిలిచారు. వీటి నడుమ 1999లో అహమ్మదాబాదులో జరిగిన ఆసియా పోటీలలో పన్నెండేండ్ల లోపు విభాగంలో బాలురతో కలిసి ఆడి ప్రథమ స్థానం పొందారు. నా దృష్టిలో ఈ చివరి విజయం తక్కిన మూడింటితో సమానంగా చెప్పుకోదగినది. అయితే ప్రపంచ బిరుదులు కానందున దీనిని చాలమంది మరచిపోయినారు. 2002లో ఆమె గ్రాండ్‌మాస్టరు అర్హతను 15 సంవత్సరాల 1 నెల 27 రోజుల వయసులో పూర్తి చేశారు. అప్పటికి ఆ బిరుదు పొందిన స్త్రీలలో ఇంత చిన్న వయస్కురాలు లేరు. హంగేరీకి చెందిన జూడిత్ పోల్గార్ 1991 డిసెంబరులో 15 సంవత్సరాల 4 నెలల వయసులో నెలకొల్పిన రికార్డును హంపి దాదాపు మూడు నెలల తేడాతో అధిగమించారు. 2008లో చైనాకు చెందిన హౌ యీఫాన్ 14 సంవత్సరాల 6 నెలల వయసులో హంపి రికార్డును దాటారు.

ఈ రికార్డుల విషయంలో జాగ్రత్తగా గమనించవలసిన అంశాలు రెండు. జూడిత్ 1991లో అధిగమించినది ఏ స్త్రీ రికార్డునో కాదు. 1958లో అమెరికాకు చెందిన బాబీ ఫిషర్ నెలకొల్పిన రికార్డును. అనగా ఆనాటికి స్త్రీ పురుషులందరిలో ఆమెయే పిన్న వయస్కురాలు. హంపి నాటికి ఇంకను చిన్నవారైన బాలురు ఆ బిరుదు పొందియున్నారు. కనుక ఆమె రికార్డు స్త్రీలకు సంబంధించినదిగా చెప్పుటయే సరియైనది. రెండవ అంశం తేదీకి సంబంధించినది. చివరి నార్ము పూర్తియైన రోజు ఒకటి. ఫిడే దానిని పరిశీలించి బిరుదును ధ్రువపరచు రోజు మరొకటి. ఈ రెంటి నడుమ కొన్ని వారాలో నెలలో గడచిపోవచ్చును. మూడు నెలల తేడాతో నిలిచే రికార్డులలో ఏ తేదీని లెక్కించాలన్నది చిన్న ప్రశ్న కాదు. సాధారణంగా అర్హత పూర్తియైన రోజునే లెక్కిస్తున్నారు. ఇద్దరికీ ఒకే పద్ధతిలో లెక్కిస్తే తగవు రాదు. ఒకరికి ఒక తేదీ, మరొకరికి మరొక తేదీ తీసికొన్నప్పుడే వస్తుంది.

హంపికి, జూడిత్‌కు పూర్వమే గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి స్త్రీ ఎవరను ప్రశ్న వచ్చినప్పుడు మనం జార్జియా దేశానికి పోవలెను. నోనా గప్రిందాష్విలి 1941లో అక్కడి జుగ్దిది పట్టణంలో జన్మించారు. 1962 నుండి 1978 వరకు ప్రపంచ మహిళా విజేతగా ఉన్నారు. 1977లో అమెరికాలోని లోన్ పైన్‌లో పురుషులు అధికంగా పాల్గొన్న ప్రసిద్ధ పోటీలో ఆమె మరి ముగ్గురితో సమానంగా ప్రథమ స్థానంలో నిలిచారు. ఆ ప్రదర్శన గ్రాండ్‌మాస్టరు నార్మయినది. అయితే నాటి నియమం ప్రకారం రెండు లేక అంతకు మించిన నార్ములలో మొత్తం 24 ఆటలు ఉండవలెను. ఆమెకు ఆ సంఖ్య పూర్తి కాలేదు. అట్టి కఠినమైన పోటీలో సాధించిన ఫలితానికి ఆడిన తొమ్మిది ఆటల కన్న ఎక్కువ విలువ కట్టవచ్చునని ఫిడే అర్హతల సంఘం భావించి సిఫారసు చేసినది. 1978లో బిరుదు ఇవ్వబడినది.

వివాదం ఇక్కడ మొదలయినది. ఆమెకు బిరుదు ఇచ్చినది దయతోనా, అర్హతతోనా? నియమంలోని అక్షరాన్ని పట్టుకొన్నవారు, 1991 జనవరిలో మూడు నార్ములు, 2500 రేటింగు అను సామాన్య మార్గంలో బిరుదు సాధించిన సుసాన్ పోల్గార్‌నే – ఈమె జూడిత్‌కు అక్కగారు – తొలి స్త్రీగా పేర్కొంటారు. నోనా పక్షం వారు లోన్ పైన్ పట్టికను చూపిస్తారు. మన విజయలక్ష్మి, హంపిల విషయంలో వలె ఇక్కడ కూడ ‘ప్రదానం చేయబడిన తొలి స్త్రీ’, ‘సామాన్య నియమాల మేరకు సాధించిన తొలి స్త్రీ’ అని విడదీసి చెప్పినచో ఇరువురి కీర్తికీ భంగం లేదు. అయితే నోనా సాధించినది దయాదాక్షిణ్యమనడాన్ని నేను అంగీకరించలేను. ఆమెతో సమానంగా నిలిచిన వారికి, ఆమె చేతిలో ఓడినవారికి ఆనాడు ఎవరూ దయ చూపలేదు గదా!

ఆమెకు అంతకన్న పెద్ద అన్యాయం వృద్ధాప్యంలో ఎదురైనది. 2020 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘ది క్వీన్స్ గాంబిట్’ అను ధారావాహికను విడుదల చేసినది. అది వాల్టర్ టెవిస్ 1983లో వ్రాసిన నవలకు చిత్రరూపం. కథానాయిక కల్పిత పాత్ర. చివరి భాగంలో ఒక వ్యాఖ్యాత నోనా పేరెత్తి, ఆమె ప్రపంచ మహిళా విజేతయే గాని పురుషులతో ఎన్నడూ తలపడలేదని చెబుతాడు. నవలలో ఉన్నది దీనికి పూర్తిగా విరుద్ధం. అందులో ఆమె రష్యా గ్రాండ్‌మాస్టర్లను అనేక పర్యాయాలు ఎదుర్కొన్న క్రీడాకారిణిగా చెప్పబడినది. కల్పిత నాయికను గొప్పచేయడానికి సజీవురాలైన వనిత చరిత్రను, మన మార్కాపురం పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచినట్లు, తుడిచివేశారు. నోనా ఊరుకొనలేదు. 2021 సెప్టెంబరులో తన ఎనభయ్యవ ఏట అమెరికా న్యాయస్థానంలో ఐదు మిలియన్ల డాలర్లకు దావా వేశారు. కథ జరిగిన 1968 నాటికే తాను కనీసం 59 మంది పురుషులతో ఆడినట్లు, వారిలో పదిమంది గ్రాండ్‌మాస్టర్లున్నట్లు లెక్క చూపారు. కల్పిత కథ గనుక తమకు బాధ్యత లేదన్న వాదనను న్యాయమూర్తి 2022 జనవరిలో అంగీకరించక, దావాను కొట్టివేయడానికి నిరాకరించారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఉభయులు రాజీపడ్డారు.

ఆ లెక్క ఆమెకు ఎట్లు సాధ్యమైనది? పోటీ చదరంగంలో ప్రతి ఎత్తునూ ఇరువురూ కాగితంపై వ్రాసికొనవలెను. ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన, ఏ రంగు పావులతో, ఏ ఫలితంతో ఆడినదీ అందులో ఉంటుంది. పరుగుపందెంలో పరుగు కంటిముందే కరిగిపోతుంది. చదరంగంలో ఆట మొత్తం కాగితంపై మిగులుతుంది. యాభై ఏండ్ల తరువాత కూడ దానిని తిరిగి ఆడి చూడవచ్చును.

అంకెలతోనే జరిగిన వివాదం మరొకటి కలదు. సుసాన్ పోల్గార్ 1984 జూలైలో, పదిహేనేండ్ల వయసులో, ప్రపంచ మహిళల రేటింగు జాబితాలో అగ్రస్థానానికి చేరారు. ఆమె స్త్రీల పోటీలను వదలి పురుషులతోనే ఎక్కువగా ఆడేవారు. 1986 నవంబరులో ఫిడే ఒక నిర్ణయం తీసికొన్నది: పోటీలలో పాల్గొంటున్న స్త్రీలందరికీ ఉచితంగా నూరు పాయింట్లు కలుపవలెను, సుసాన్‌కు మాత్రం కలుపరాదు. 1987 జనవరి జాబితా వెలువడేసరికి ఆమె అగ్రస్థానం పోయినది. జార్జియాకు చెందిన మాయా చిబుర్దనీద్జే ముందుకు వచ్చారు. ఒక్క ఆట ఓడకుండానే స్థానం కోల్పోవడం వింతగాదా?

ఫిడే వాదనను కూడ న్యాయంగా వినవలెను. రేటింగు అనునది ఎదుటివానినుండి గెలుచుకొనే పాయింట్ల లెక్క. ఒక ఊరిలో పది కుటుంబాలు తమలో తామే చేబదుళ్ళు ఇచ్చిపుచ్చుకొంటుంటే ఆ ఊరి మొత్తం ధనం పెరగదు. అట్లే స్త్రీలు స్త్రీలతోనే ఆడుచుండగా వారి పాయింట్లు వారిలోనే తిరుగుచు, వారి నిజమైన బలం జాబితాలో తక్కువగా కనిపించినదని, సుసాన్ పురుషులతో ఆడినందున ఆమెకు ఆ లోటు లేదని వారి వాదం. ఇందులో కొంత గణితం లేకపోలేదు. కాని నూరు పాయింట్లు స్వల్పమైనవి కావు. నూరు పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు నూరు ఆటలలో సుమారు 64 పాయింట్లు సాధించగలడని ఆ రేటింగు సూత్రమే చెబుతున్నది. అంతటి వరాన్ని ఒక్కరిని తప్పించి అందరికీ పంచడం లెక్క సరిదిద్దడంగా ఎవరికీ తోచలేదు. పురుషులతో ఆడే ధైర్యం చేసిన యువతికే ఆ శిక్ష పడినదని ఈనాటికీ విమర్శ ఉన్నది.

పురుషులతో ఆడనిచ్చుటయే నేరమన్న రోజులు మన దేశంలోను లేకపోలేదు. 1976లో ముంబైకి చెందిన రోహిణి ఖాడిల్కర్ పదమూడేండ్ల బాలిక. అక్కలు వాసంతి, జయశ్రీలతోపాటు ఆమె కూడ చదరంగంలో ప్రవీణురాలు. ఆ సంవత్సరం ఆమె జాతీయ పురుషుల పోటీలో ప్రవేశించగా పెద్ద దుమారం లేచినది. వ్యవహారం ఉన్నత న్యాయస్థానం వరకు పోయి ఆమెకు అనుకూలంగా తేలినది. జాతీయ, అంతర్జాతీయ పోటీలనుండి స్త్రీలను నిషేధించరాదని నాటి ఫిడే అధ్యక్షులు మాక్స్ యూవే స్పష్టపరచారు. ఇందులో ఒక చమత్కారమున్నది. ఈ యూవే 1935లో ప్రపంచ విజేత అయిన ఘనుడు. అంతకుముందు తొలి ప్రపంచ మహిళా విజేత వెరా మెంచిక్ చేతిలో రెండు పర్యాయాలు ఓడినవాడు. స్త్రీ ఆడగలదా అను విషయం ఆయనకు మరొకరు బోధింపనక్కరలేదు! ఆ రోహిణియే 1981లో మన హైదరాబాదులో జరిగిన ఆసియా మహిళల పోటీలో విజేతగా నిలిచారు.

ఈ వృత్తాంతాలకు మన పశ్చిమ ప్రకాశం విద్యార్థినులతో సంబంధమేమని ఎవరైన అడుగవచ్చును. గిద్దలూరులోనో, కంభంలోనో, మార్కాపురంలోనో చదివే బాలిక చదరంగం నేర్చుకొన్నదనుకొందాము. ఆమెకు రేటింగు రావలెనన్న ఫిడే వద్ద నమోదైన పోటీలలో ఆడవలెను. అట్టి పోటీలు మన ఊళ్ళలో అరుదు గనుక ఒంగోలుకో, గుంటూరుకో ప్రయాణం కట్టవలెను. తోడు రావడానికి పెద్దలు, రైలు ఖర్చు, ప్రవేశ రుసుము – ఇవన్నీ సమకూరిన పిమ్మట ఆమె బాలికల విభాగంలో ఆడాలా, అందరి విభాగంలో ఆడాలా అను ప్రశ్న వస్తుంది. బాలికల విభాగంలో బహుమతి దగ్గర. అందరి విభాగంలో అనుభవం, రేటింగు అవకాశం అధికం. రెంటిలో దేనినీ తక్కువ చేయనక్కరలేదు. బాలికల విభాగం లేకపోతే తొలి అడుగే వేయని కుటుంబాలు మన ప్రాంతంలో పెక్కు ఉన్నవి. కాని సర్టిఫికెట్టుపై ఏ విభాగమో, ఎంతమంది ఆడారో, ఆమె ఎన్ని పాయింట్లకు ఎన్ని సాధించినదో వ్రాయకుండ ‘ప్రథమ బహుమతి’ అని మాత్రం వ్రాస్తే, రేపు క్రీడా కోటాలో సీటు కోరినప్పుడు ఆ కాగితం నిలవకపోవచ్చును. అందరి విభాగంలో ఇరవైమంది బాలురను దాటి నాలుగవ స్థానం పొందిన బాలిక కష్టం అసలు కాగితంపైకే రాకపోవచ్చును. కళాశాల వార్షిక క్రీడలలో చదరంగ పోటీ జరిపినప్పుడు ఫలితాల పట్టికను ఒక బౌండు పుస్తకంలో ఎక్కించి, ఎత్తులు వ్రాసిన కాగితాలను భద్రపరచవలెనని కళాశాల కమిటీవారిని ఈ సందర్భంగా కోరుచున్నాను. దానికి పట్టే ఖర్చు స్వల్పమే.

మన మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కితే చేరే గుంటూరులోనే 1991లో ద్రోణవల్లి హారిక జన్మించారు. 2011లో గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన రెండవ భారతీయ మహిళ ఆమె. ప్రపంచ మహిళల పోటీలో 2012, 2015, 2017 సంవత్సరాలలో మూడు కాంస్య పతకాలు సాధించారు. మూడవది చెన్నైకి చెందిన ఆర్. వైశాలి, 2023 డిసెంబరులో ఆమె రేటింగు 2500 దాటినది. మొదటి మహిళకు, మూడవ మహిళకు నడుమ ఇరువదియొక్క సంవత్సరాలు గడచినవన్న సంగతి గమనార్హం.

నాలుగవ మహిళ విషయంలో పాత ప్రశ్న మళ్ళీ తలెత్తినది. 2025 జూలైలో జార్జియాలోని బతూమి నగరంలో, అనగా నోనా గప్రిందాష్విలి స్వదేశంలో, మహిళల ప్రపంచ కప్పు అంతిమ పోటీకి ఇద్దరు భారతీయులే చేరారు: 38 ఏండ్ల కోనేరు హంపి, నాగపూరుకు చెందిన 19 ఏండ్ల దివ్యా దేశ్‌ముఖ్. రెండు ఆటలు డ్రా అయిన పిమ్మట జూలై 28న వేగవంతపు ఆటలలో దివ్య గెలిచారు. ఆ పోటీ విజేతకు నార్ములతో నిమిత్తం లేక గ్రాండ్‌మాస్టరు బిరుదు నేరుగా ఇవ్వవచ్చునని ఫిడే నియమాలలో ఉన్నది. దివ్యకు అప్పటికి ఒక్క నార్మయినను లేదు. ఒక్క పోటీ గెలిచినంతమాత్రాన బిరుదు ఇవ్వడమేమని కొందరు సణిగారు. నియమం ముందే వ్రాసి ఉన్నది గదా అని మరికొందరు బదులు చెప్పారు. ఆమె భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టరు అయినారు. ఆనాడు బల్లకు ఆవలివైపు కూర్చున్న హంపి అదే బిరుదును ఇరువదిమూడు సంవత్సరాలకు పూర్వం నార్ముల మీద నార్ములు కూర్చుకొని సంపాదించారు. ఫిడే జాబితాలో ఇరువురి పేర్ల ప్రక్కనూ ఉన్నవి అవే రెండక్షరాలు.